డిసెంబరు రెండో పక్షం: అల్పపీడనం, దాని వెనక చలి. నెల్లూరు, ప్రకాశం వైపు ఏం చూసుకోవాలి?

దగదర్తి_మాగాణి:
ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడొచ్చని బులెటిన్‌లో ఉంది. పెన్నా డెల్టా కింద కొంత నాట్లు పడ్డాయి, కొంత ఇంకా నారుమళ్లలోనే ఉంది. కొండపి, కందుకూరు వైపు పొగాకు, శనగ నిలబడి ఉన్నాయి. వారం పది రోజులు ఏ లెక్కన ఉండాలో తెలిసినవాళ్లు చెప్పండన్నా. వాట్సాప్‌లో తిరిగే ‘పెను ముప్పు’ మెసేజ్‌లు ఇక్కడ వద్దు.

ఈశాన్య_గాలి:
అల్పపీడనం పడిందా లేదా అన్నదానికంటే దాని కేంద్రం మనకు ఏ దిక్కున ఉంటుందన్నది చూడండి. మన అర్ధగోళంలో దాని చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కేంద్రం మనకు దక్షిణాన ఉంటే సముద్రం మీది తేమగాలి సూటిగా మన తీరాన్ని కొడుతుంది. కేంద్రం మనల్ని దాటి ఉత్తరానికి పోతే గాలి పడమటి నుంచి, అంటే నేల మీద నుంచి తిరుగుతుంది. అప్పుడు వాన తెరిపిస్తుంది.

2022 డిసెంబరు 9 రాత్రి మాండూస్ తుపాను మనకు దక్షిణాన మామల్లపురం దగ్గర తీరం దాటింది. దాటింది తమిళనాడులోనని ఊరుకుంటే నెల్లూరు దెబ్బ తింటుందని అందుకే అంటాను. మిగ్‌జాం ఇంకోరకం. తీరానికి సమాంతరంగా నెమ్మదిగా ఉత్తరానికి జరిగి 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటింది. నెమ్మదిగా కదిలే తుపానుతోనే ముంపు ఎక్కువ, గాలి బలం ఒక్కటే చూస్తే అది తెలియదు.

అల్పపీడనం పడమరగా శ్రీలంక, కన్యాకుమారి వైపు పోతే మనకు తీరం వెంట జల్లులు, మార్కాపురం వైపు మబ్బు, అంతే.

కావలి_వానలెక్క:
దీనికి ఇంకోటి కలపాలి. డిసెంబరు సగం దాటాక ఉత్తరాది నుంచి పొడిగాలి దిగుతుంది, సముద్రం కూడా అక్టోబరులో ఉన్నంత వేడిగా ఉండదు. పైగాలి ఒక వైపు, కిందిగాలి ఒక వైపు లాగితే వాయుగుండం నిలువునా నిలబడలేక సముద్రంలోనే చచ్చిపోతుంది. అందుకే ఐదు రోజుల అవతలి మ్యాప్ మీద ఎర్రరంగు చూసి కంగారు పడొద్దు. మూడు రోజుల లోపుకు వచ్చాక వాతావరణ శాఖ గీసే దారిని నమ్మండి. ఆ గీత చుట్టూ గీసే శంకువు (దారి అటూ ఇటూ మారగల మేర) మొత్తం చూడాలి, మధ్య గీత ఒక్కటే కాదు.

మాటల లెక్క: 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. రోజు లెక్క ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని. అంచనా దక్షిణ కోస్తా మొత్తానికి కలిపి ఇస్తారు కాబట్టి, డిసెంబరులో ఆ ఒకటి రెండు చోట్లు చాలాసార్లు నెల్లూరు తీరమే అవుతాయి.

దగదర్తి_మాగాణి:
వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను తేడా గాలి వేగమేనా?

కావలి_వానలెక్క:
అంతే. గంటకు 31 నుంచి 49 కి.మీ. వాయుగుండం, 50 నుంచి 61 తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను. వాన ఎంతన్నది ఈ పేర్లు చెప్పవు. ఉత్త అల్పపీడనం కూడా ఊరిని ముంచగలదు.

పొద్దున నాలుగింటి నుంచి రాడార్ చూడండి. నెల్లూరు వాళ్లకు శ్రీహరికోట, ఒంగోలు వాళ్లకు మచిలీపట్నం కూడా. రాత్రి నేల మీది నుంచి వీచే చల్లగాలి, సముద్రపు ఈశాన్య గాలి తీరం దగ్గర ఢీకొంటాయి. అందుకే తీరం వాన తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. పొలం పని ఆ తెరిపిలో పెట్టుకోండి.

కోవూరు_నారుమడి:
వరి సంగతి. వాన అంచనా ఉంటే రెండు రోజుల ముందు నుంచే యూరియా, పురుగుమందు ఆపేయండి, కొట్టుకుపోతుంది. గట్లకు గండి పెట్టే చోటు ముందే చూసి ఉంచాలి, వాన మొదలయ్యాక పార కోసం వెతికితే ఆలస్యం. నారుమడి మునిగితే నీళ్లు తీసేసి, ఐదు సెంట్ల మడికి కిలో యూరియా, కిలో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చల్లండి. నాటిన పొలానికైతే నీళ్లు దిగాక ఎకరాకు 20 నుంచి 25 కిలోల యూరియా, 15 కిలోల పొటాష్. నీళ్లు నిలిచి ఉండగా వేస్తే డబ్బు కాలవలో పోసినట్టే.

అమావాస్య, పౌర్ణమి దగ్గర పడితే జాగ్రత్త ఎక్కువ కావాలి. పోటు ఎక్కువై ఉప్పుటేరులు, బకింగ్‌హాం కాలువ నీటిని సముద్రం తీసుకోదు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు వైపు పల్లపు పొలాల్లో మురుగు దిగాలంటే పాటు వచ్చేదాకా ఆగాల్సిందే.

నల్లరేగడి_శనగ:
ప్రకాశం వైపు పైరుకు ముప్పు వాన పరిమాణంలో కంటే నీళ్లు నిలవడంలో ఉంటుంది. నల్లరేగడిలో ఒక్క రోజు నిలిచినా శనగ వేరుకు గాలి అందక పసుపు పడుతుంది, తర్వాత ఎండు తెగులు పట్టుకుంటుంది. పల్లం వైపు గాడి ఒకటి తీసి వాననీరు బయటికి తోలండి. తెరిపి వచ్చి పదును తగ్గాక 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఎరువు లీటరు నీటికి 10 గ్రాములు కలిపి పైరు మీద పిచికారీ చేయొచ్చు. మబ్బు పట్టిన వారం తర్వాత పచ్చపురుగు వస్తుంది, ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించి పట్టేవి) ముందే పెట్టండి. పొగాకుదీ ఇదే కథ, ఆరుదల రాగానే గుంటక తోలి పెళ్ల విరగ్గొట్టాలి. కోసి పనలు పరిచిన వరి ఉంటే 5 శాతం ఉప్పు నీళ్లు, లీటరుకు 50 గ్రాముల లెక్కన చల్లితే గింజ మొలకెత్తకుండా కాపాడుకోవచ్చు.

ఊటుకూరు_చెరువు:
రొయ్య పెట్టినవాళ్లకు రెండు మాటలు. పెద్ద వానలో మంచినీరు ఉప్పునీటి పైన పొరలా తేలుతుంది, కింద ఆక్సిజన్ పడిపోతుంది. తూముకు పై పలకలు తీసి పై నీరు వదలండి. ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆపొద్దు, కరెంటు పోతుందని ముందే డీజిల్ ఇంజను సిద్ధం చేసుకోండి. వాన పడుతున్నంతసేపు మేత సగానికి తగ్గించి, ట్రేలో మిగిలింది చూసి పెంచండి. గట్ల మీద సున్నం చల్లి ఉంచితే కొట్టుకొచ్చే నీటివల్ల పీహెచ్ మరీ దిగదు. తెల్లవారుజామున ఆక్సిజన్ లీటరుకు 4 మి.గ్రా. కంటే దిగనివ్వొద్దు.

వాన తర్వాత చలి పడితే ఇంకో తిప్పలు. నీటి వేడి తగ్గేకొద్దీ వెనామీ రొయ్య మేత తగ్గిస్తుంది, తెల్లమచ్చ వైరస్‌కు అదే అదను. మామూలు రోజుల లెక్కన మేత పోస్తే అడుగున కుళ్లుతుంది.

ఈశాన్య_గాలి:
చలి గురించి అడగబోయారు కాబట్టి చెబుతున్నా. వాయుగుండం పోయాక ఆకాశం విప్పారి, గాలి ఆగి, ఉత్తరపు పొడిగాలి వస్తే రాత్రి చలి దిగుతుంది. నెల్లూరు, కావలిలో జనవరి కనిష్ఠం మామూలుగా 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. తీరప్రాంతంలో అది 15కు దిగి, మామూలు కంటే 4.5 డిగ్రీలైనా తగ్గితేనే చలిగాలులు అంటారు. గిద్దలూరు, మార్కాపురం వైపు సముద్రం దూరం కాబట్టి చలి ఎక్కువ. తడినేల, ఆగిన గాలి, తేటాకాశం మూడూ కలిసిన రాత్రి తర్వాత పొగమంచు గట్టిగా పడుతుంది. నాయుడుపేట, గూడూరు మీదుగా జాతీయ రహదారిలో తెల్లవారుజామున పోయేవాళ్లు హైబీమ్ వేయొద్దు, వెలుతురు మంచుకు కొట్టి కళ్లలోకే వస్తుంది.

కోవూరు_నారుమడి:
చలికి నారు ఎదగక ఎర్రబడితే మందుల షాపుకు పరిగెత్తకముందు నీటిని మార్చి చూడండి. సాయంత్రం మడిలో నీళ్లు తీసేసి, పొద్దున కొత్త నీళ్లు పెట్టండి. రాత్రి పాలిథీన్ పట్టా కప్పి, పొద్దు ఎక్కాక తీసేయాలి. జింకు లోపమైతే జింకు సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు.

దగదర్తి_మాగాణి:
సరే అన్నా. నిమ్మకు ఏమైనా ఉందా? పొదలకూరు వైపు వాళ్లు అడుగుతుండారు.

నల్లరేగడి_శనగ:
చెట్టు మొదలు చుట్టూ పాదులో నీళ్లు నిలవకుండా మట్టి ఎగదోయాలి. ఆ నీళ్లు బోదెలోకి పారాలి, లేకపోతే బంకకారు తెగులు పట్టుకుంటుంది. కాయ కోత ఉంటే వానకు ముందే కోసేయండి, తడిసిన కాయ బస్తాలో నిలవదు.