కన్యాశుల్కంలో మిమ్మల్ని మీరు ఎవరిలో చూసుకుంటారు?

బొంకులదిబ్బ:
గురజాడ వారి ఈ నాటకం 1892లో విజయనగరంలో తొలిసారి రంగమెక్కింది. మనం ఇప్పుడు చదివేది ఆయన పెంచి తిరగరాసి 1909లో ప్రచురించిన రూపం. ఇన్నేళ్ళ తరువాత కూడా ఈ ప్రశ్నకు మగవారు మాటకారి గిరీశమనీ, ఆడవారు తెలివైన వేశ్య మధురవాణి అనీ జవాబివ్వడమే ఎక్కువగా విన్నాను. నేను మాత్రం గిరీశం శిష్యుడు వెంకటేశాన్ని. పరీక్ష తప్పి, ఆ సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం లేక, మాటకారి ఒకడు వెంట ఉంటే గండం గడుస్తుందని నమ్మి సెలవులకు ఊరు చేరిన కుర్రవాణ్ణి నేనూ ఒకప్పుడు.

పాతబడి పంతులు:
వెంకటేశం గిరీశానికి శ్రోత మాత్రమే. నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని, వాటితోనే లోకాన్ని నెట్టుకొచ్చిన చదువుకున్న తెలుగువాడు ఎవడైనా, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, గిరీశమే. ‘నాతో మాట్లాడడమే ఒక ఎడ్యుకేషన్’ అన్న మాటకు నవ్వేవాడు తనను చూసుకునే నవ్వుతాడు. ముప్పై ఏళ్ళు బడిలో చెప్పిన నాకు పదోన్నతి రాలేదు కానీ, నాకన్నా తక్కువ చదివి ఎక్కువ ఉపన్యాసాలిచ్చిన వారికి వచ్చింది.

చుట్టపొగ:
అయితే మీరు గిరీశం కాదు కదండీ, ఆయన చేతిలో మోసపోయిన పూటకూళ్ళమ్మ!

నూతిగట్టు:
వెంకటేశం తల్లి వెంకమ్మ పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా లేదు. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువై ఇంట్లో ఉండగా, చిన్నకూతురు సుబ్బిని డబ్బు పుచ్చుకుని ముసలి లుబ్ధావధాన్లుకు ఇస్తానని భర్త పట్టుబడితే, ఆమె నూతిలో దూకింది. మా అక్క పెళ్ళి కుదిర్చిన వారం మా అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. పెళ్ళి ఆగలేదు.

పాతబడి పంతులు:
మీ అమ్మగారి పట్ల గౌరవంతోనే అంటున్నాను. వెంకమ్మ దూకడం వల్ల కూడా పెళ్ళి ఆగలేదు; ఆమెను పైకి తీశారు, భర్త అగ్నిహోత్రావధాన్లు మనసు మారలేదు. ఆపింది ఆమె అన్న కరటకశాస్త్రి పన్నాగం, మధురవాణి తెలివి. కథను నడపని పాత్రతో ప్రేక్షకుడు ఎలా మమేకమవుతాడు?

నూతిగట్టు:
కరటకశాస్త్రి ఎవరి కోసం శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టాడు? నూతిలో దూకిన తన చెల్లెలి కోసం కాదా?

పాతబడి పంతులు:
అది ప్రేరణ, కార్యం కాదు.

బొంకులదిబ్బ:
పూర్తి నాటకం ఒక పూటలో ఆడలేనంత పెద్దది కావడంతో కుదించి ఆడేటప్పుడు కత్తెర పడేది ఎక్కువగా ఇలాంటి ఘట్టాలకే, గిరీశం మాటలకు కాదు. బహుశా అందుకే ఆమె మనకు గుర్తుండదేమో.

పాతబడి పంతులు:
కత్తెర సంగతి వేరు. ఇది సాహిత్య చర్చ. ఇంటి కథలను సాక్ష్యంగా తేవడం మానుకుందాం.

నూతిగట్టు:
మీ పదోన్నతి సాహిత్యమూ, మా అమ్మ పస్తు ఇంటి కథా అయ్యాయా పంతులుగారూ?

చుట్టపొగ:
డామిట్, కథ అడ్డంగా తిరిగింది.

నూతిగట్టు:
తిరగనివ్వండి. ఇందాకటి నుంచి మీరు చెబుతున్నది చప్పట్లు ఎవరికి పడతాయో, మీరు ఎవరిలా మాట్లాడగలిగితే బాగుండునో; నేను చెబుతున్నది ఏ పాత్ర నిలబడ్డ చోట నేను నిలబడ్డానో. గిరీశం బుచ్చమ్మను లేవదీసుకుపోతుంటే మీరు అతని చాతుర్యం చూశారు, నేను కూతురు కనిపించకుండా పోయిన తల్లిని చూశాను.

పాతబడి పంతులు:
గిరీశాన్ని నేను మెచ్చుకోలేదమ్మా, పోల్చుకున్నాను. ఆ రెండూ ఒకటి కావు. కానీ బుచ్చమ్మ లేచిపోయాక ఆ తల్లి ఎలా ఉండి ఉంటుందన్నది, ఏటేటా పిల్లలకు ఈ నాటకం చెప్పినా, నేను ఒక్కసారీ ఆలోచించలేదు. వెంకమ్మ కార్యం చేసిందని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

నూతిగట్టు:
ఒప్పుకోవద్దు. ఈసారి చెప్పేటప్పుడు ఆ ఘట్టం వదిలెయ్యకండి, చాలు.