లూవెన్ లైబ్రరీ గోడల మీద అమెరికా స్కూళ్ళ పేర్లెందుకు?

ప్రశ్న:
మాస్టర్స్ కోసం బెల్జియంలోని లూవెన్ వచ్చి మూడు వారాలైంది. రోజూ లాదూజ్ చౌరస్తాలో యూనివర్సిటీ లైబ్రరీ ముందు నుంచే సైకిల్ మీద పోతాను. గోడ రాళ్ళ మీద అమెరికా స్కూళ్ళ, కాలేజీల పేర్లు చెక్కి ఉన్నాయి. ఇక్కడ వాళ్ళ పేర్లేంటి?

జవాబు 1:
నేను అక్కడ నాలుగేళ్ళు పీహెచ్‌డీ చేశాను. మొదటి ఏడాదంతా నేనూ వాటిని చూస్తూ దాటిపోయినదాన్నే. అవి చందాలిచ్చినవాళ్ళ పేర్లు. మన గుళ్ళలో మెట్ల మీద, ఫ్యాన్ల మీద దాతల పేర్లు రాయిస్తారు కదా, అలాగన్నమాట.

1914 ఆగస్టు 25 రాత్రి జర్మన్ సైన్యం ఊరికి నిప్పు పెట్టింది. పాత లైబ్రరీలో ఉన్న దాదాపు 3 లక్షల పుస్తకాలు, చేతిరాత ప్రతులతో సహా, బూడిదైపోయాయి. 1425లో పుట్టిన యూనివర్సిటీ అది! యుద్ధం అయ్యాక అమెరికాలో స్కూలు పిల్లల దగ్గర్నుంచి డబ్బు పోగుచేసి పంపారు. 1928లో ఈ భవనం తెరిచారు.

దీన్ని డిజైన్ చేసిన విట్నీ వారెన్, జర్మన్ల ఉన్మాదానికి కూలి అమెరికా దానంతో లేచిందని లాటిన్‌లో ముందువైపు చెక్కించాలనుకున్నాడు. యూనివర్సిటీ పెద్ద, అంటే రెక్టర్, లాదూజ్ ఒప్పుకోలేదు. చాలా పెద్ద గొడవైంది, చివరికి ఆ మాట పెట్టలేదు. మీరు రోజూ దాటే చౌరస్తాకి ఆయన పేరే. ఇచ్చినవాళ్ళ పేర్లు ఉండనిచ్చి, పగను మాత్రం రాతికెక్కనివ్వని ఆ మనిషంటే నాకు ఎంతో గౌరవం. 1940 మేలో లైబ్రరీ మళ్ళీ తగలబడింది, ఈసారి 9 లక్షల పుస్తకాలు. మళ్ళీ నిలబెట్టారు.

వాన పడ్డాక ఒకసారి సైకిల్ దిగి చూడండి. రాళ్ళు తడిస్తే ఆ అక్షరాలు నల్లగా తేలి కనిపిస్తాయి.

జవాబు 2:
1968 సంగతి కూడా చెప్పాలండీ. భాష గొడవలతో యూనివర్సిటీ రెండైంది. ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ళు వెళ్ళి లూవాన్-లా-నవ్ అని కొత్త ఊరే కట్టుకున్నారు. మా అక్కావాళ్ళు ఉండేది అక్కడే. లైబ్రరీ పుస్తకాలను కూడా నంబర్లలో సరి, బేసి చూసి పంచుకున్నారు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అక్కా. మరి టవర్‌లో మోగే గంటలు?

జవాబు 1:
అవీ అమెరికావాళ్ళిచ్చినవే. మొదటి యుద్ధంలో చనిపోయిన అమెరికన్ ఇంజనీర్ల గుర్తుగా పెట్టారు. అప్పటి వాళ్ళ రాష్ట్రాల లెక్కన 48 గంటలు, ఇప్పుడు 63. టవర్ ఎక్కనిస్తారు, వెళ్ళండి. జనవరి పరీక్షలప్పుడు రీడింగ్ హాల్లో సీటు కోసం పొద్దున్నే బయట నిలబడేవాళ్ళం. తలుపు తీసేలోపు పైన అవి మోగేవి. ఆ చలికి స్వెటర్ ఆగదు, ఇప్పుడే మందపాటి కోటు కొనుక్కోండి.