ములాన్ పాటలో ‘జీ జీ’ మగ్గం చప్పుడా, నిట్టూర్పా?

పడుగుపేక: మాక్సిన్ హాంగ్ కింగ్‌స్టన్ 1976లో రాసిన ‘ది ఉమన్ వారియర్’ మళ్ళీ చదివాను. అందులో ములాన్, అదే నాన్నకు బదులు మగవేషంలో యుద్ధానికి వెళ్ళిన చైనా కథల పిల్ల, యుద్ధంలోనే బిడ్డను కని, కవచం లోపల జోలె కట్టి మోస్తూ పోరాడుతుంది. చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. అప్పటినుంచి ఆమె మీద ఉన్న పాత చైనా పాట మొదటి పాదం చెవిలో తిరుగుతోంది: ‘జీ జీ ఫూ జీ జీ’. మగ్గం చప్పుడే కదా? తెలుగులో ‘టకటక’ అనేయొచ్చా?

నాడె: కుదరదండీ. ఒక్క పాదం దాటగానే ‘నాడె చప్పుడు వినబడదు, పిల్ల నిట్టూర్పే వినబడుతోంది’ అని ఉంది. ఆగిన మగ్గం ఎలా మోగుతుంది? చైనా కవి బాయ్ జుయీ 816 నాటి పిపా పాటలో చూడండి, పిపా అనే తీగల వాద్యం విని నిట్టూర్చాను, ఆమె మాట విని మళ్ళీ ‘జీ జీ’ అన్నాను అంటాడు.

ఏటిఒడ్డు: బాయ్ జుయీ తాంగ్ కాలం వాడు, ములాన్ పాట అంతకు ముందుది. ఆయన వాడుకతో దీనికి అర్థం కడితే ఎలా? ఒక పాఠాంతరంలో ఇదే పాదం కీచురాయితో మొదలవుతుంది. కీచురాయికి చైనీయుల పేరు ‘త్సుజీ’, అంటే నేతను తొందరపెట్టేది. నా ఓటు దానికే.

నాడె: పాఠాంతరం పాఠాంతరమే. అయినా పిపా పాటను అంత తేలిగ్గా తీసేయకండి. టీ వ్యాపారి భార్య ఒంటరిగా పడవలో వాయిస్తుంటే విని, అధికారిగా ఉన్న ఆ కవి అంగీ కన్నీళ్ళతో తడిసిపోతుంది. ఆడమనిషి గోడు అంత చెవిపెట్టి విన్న కవి ఇంకొకరు నాకు కనబడలేదు.

చిగురుకొమ్మ: విల్లోకొమ్మ పాట అని ఇంకో పాత చైనా పాట ఉంది, దాన్ని ఎవరూ తలవలేదేం? ‘ఏం తలచుకుంటున్నావే పిల్లా’ అనే ప్రశ్న అందులోనూ ఉంది. అక్కడి పిల్ల దిగులు పెళ్ళి గురించి, అమ్మ మాట ఇచ్చింది, ఈ ఏడాదీ కబురు లేదు. ములాన్ మాత్రం ‘ఏమీ తలచుకోవడం లేదు’ అని, నాన్నకు వచ్చిన సైన్యపు పిలుపు గురించి చెబుతుంది. కింగ్‌స్టన్ చేసిన పనికి విత్తనం ఇక్కడే ఉందని నాకు గట్టి నమ్మకం.

పడుగుపేక: ఎంత బాగా చెప్పారు! అయితే ‘ఉస్సురు ఉస్సురు’ అందామా?

నాడె: ఉస్సురు అలసటండీ. ఆమె అలసిపోలేదు, ఆలోచిస్తోంది.

ఏటిఒడ్డు: అందుకే కీచురాయి అంటున్నాను.