రాత్రికి 16 వేల ఎకో రిసార్ట్: అడవికి మేలా, చేటా?

కూకట్‌పల్లి బాటసారి
డిసెంబరుకి మా పెళ్లయి పదేళ్లు. మా ఆవిడకి చెట్లు, పిట్టలు, పొగమంచు అంటే ప్రాణం. మన్యం వైపు ఒక ఎకో రిసార్ట్ చూశాం. మట్టి గోడలు, వెదురు పైకప్పు, కాటేజీకో చిన్న ప్రైవేట్ పూల్. మంచం మీద నుంచే లోయ కనిపిస్తుందట. రాత్రికి 16 వేలు, 18 శాతం జీఎస్టీతో 18,880. పదేళ్లకోసారి కదా అని ఖర్చుకి మనసు సర్దుకున్నా. నా తంటా వేరే. మా బావమరిది ఆ ఫొటోలు చూసి "అడవిలో స్విమ్మింగ్ పూల్ తవ్వి దానికి ఎకో అని పేరా బావా" అని నవ్వాడు. అప్పట్నుంచి ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఇలాంటి చోటికి వెళ్తే అడవికి సాయం చేస్తున్నట్టా, దాని నాశనానికి అడ్వాన్స్ కడుతున్నట్టా? "ఇంట్లో కూర్చోండి" అనే సలహా తప్ప ఏదైనా వింటా.

బెజవాడ బుల్లెట్
ఇంట్లో కూర్చోండి అన్నా.

సరదాకన్నా లెండి. నా మాట: 900 పెట్టి టెంట్ వేసుకోండి. ప్రకృతి చూడ్డానికి ప్రైవేట్ పూల్ ఎందుకు? పూల్ కావాలంటే మీ కూకట్‌పల్లిలో లేవా?

పిల్లల తల్లి
బుల్లెట్ తమ్ముడూ, ఆ టెంట్ల సంగతి నేను చెప్తాను. పోయినేడాది వంజంగి మేఘాలు చూద్దామని ఇద్దరు పిల్లలతో వెళ్లాం. తెల్లవారుజామున కొండెక్కాం. మేఘాలు నిజంగానే పాలసముద్రంలా ఉన్నాయి, కాదనను. కానీ దారి పొడవునా బీరు సీసాలు, చిప్స్ కవర్లు, నూడుల్స్ కప్పులు. ఆడవాళ్లకి బాత్రూమ్ అంటే పొదల చాటే. వందల మంది అదే పొదల చాటుకి వెళ్తే కింద గెడ్డలో, అంటే కొండవాగులో, నీళ్లు ఏమవుతాయో మీరే చెప్పండి. రాత్రి రెండింటి దాకా స్పీకర్లు, నెగళ్లకి కొట్టిన కొమ్మలు. అడవిని తినేది ఈ చవక టూరిజం.

పన్నెండు కాటేజీలు కట్టి, ఒక్కోదానికి 16 వేలు తీసుకుని, ప్లాస్టిక్ లోపలికి రానివ్వకుండా, తొమ్మిదికల్లా లైట్లు తగ్గించే చోటు ఉందంటే నాకు అదే నయం. తక్కువ మంది, ఎక్కువ డబ్బు. భూటాన్ చేస్తున్నది అదే కదా. విదేశీయులకి రోజుకి 200 డాలర్ల రుసుము పెట్టి, 2023 సెప్టెంబరులో 100కి తగ్గించారు. మన ఇండియా వాళ్లకైతే 1,200 రూపాయలు. డబ్బున్నవాళ్లకే అడవా అంటారేమో. శుభ్రమైన బాత్రూమ్ కోరుకోవడం విలాసం అయితే, అవును, నాకు విలాసమే కావాలి.

మన్యం కుర్రోడు
అక్కా, వంజంగి గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ సీసాలు ఏరేది మా పిల్లలే. మాది చింతపల్లి దగ్గర ఊరు. ఇంటి పక్కనే రెండు గదులు వేసి వచ్చినవాళ్లకి ఇస్తున్నాం. లంబసింగి చలికి డిసెంబరు, జనవరి నెలల్లో బాగానే వస్తారు.

కానీ పెద్ద రిసార్టులు మాకు చేసే మేలు గురించి ఒక్క ముక్క. మా పిన్ని కొడుకు ఒకదాంట్లో మూడేళ్లు చేశాడు. పేరెందుకు, వద్దు. చేరినప్పుడు రూములు ఊడ్చాడు, మానేసినప్పుడూ రూములే ఊడుస్తున్నాడు. మేనేజరు, చెఫ్, పక్షులు చూపించే గైడు కూడా బయటివాళ్లే. మా వాడికి ఆ కొండ మీద ప్రతి పిట్ట పేరూ తెలుసు, మా భాషలో. ఇంగ్లీషులో చెప్పలేడు, అంతే.

అన్నిటికన్నా నవ్వొచ్చేది రాజ్మా. మా చుట్టుపక్కల చేలల్లో రాజ్మా పండుతుంది, వారం వారం సంతకి వస్తుంది. ఆ రిసార్టులో రాజ్మా కూర ఉండేది. గింజలు మాత్రం సిటీ నుంచి ప్యాకెట్లలో దిగేవి. పసుపూ అంతే. మెనూలో మటుకు "గిరిజన రుచులు" అని రాసి చోడి (రాగి) అంబలి 350 రూపాయలు.

లెక్కల పిచ్చి
మురుగునీటి ప్లాంట్లు కట్టించడం నా పని. కొన్ని రిసార్టులకీ చేశాను. భావోద్వేగం పక్కన పెట్టి నీళ్ల లెక్క చూద్దాం.

భారతీయ ప్రమాణాల ప్రకారం నాలుగు నక్షత్రాలు, ఆపై హోటల్‌కి డిజైన్ చేస్తే మనిషికి రోజుకి 320 లీటర్లు లెక్కేస్తాం. మామూలు హోటల్‌కి 180. జల్ జీవన్ మిషన్ కింద పల్లెలో మనిషికి ఇవ్వాల్సింది 55. ఇరవై కాటేజీలు నిండితే 40 మంది, అంటే 12,800 లీటర్లు. అదే నీళ్లు 55 చొప్పున 232 మందికి సరిపోతాయి. స్టాఫ్‌ని ఇందులో కలపలేదు.

ఇక అందరూ తిట్టే పూల్. కాటేజీ పూల్ నాలుగు మీటర్ల పొడవు, మూడు వెడల్పు, 1.2 లోతు అనుకుంటే 14,400 లీటర్లు. ఒకసారి నింపితే చాలా కాలం ఉంటాయి. రోజుకి ఐదు మిల్లీమీటర్లు ఆవిరైనా పోయేది 60 లీటర్లే. బకెట్లు మూడు, నాలుగు. అసలు చిక్కు ఫిల్టర్ కడిగిన నీళ్లతో. ఆ క్లోరిన్ నీళ్లు ఎక్కడ వదులుతున్నారు? గెడ్డలోకి వదిలితే చిన్న చేపలు, కప్ప పిల్లలు పోతాయి.

ఎవరూ అడగనిది ఇంకోటి ఉంది. మన రిసార్టులు శని, ఆదివారాలు కిటకిట, సోమవారం నుంచి గురువారం దాకా ఖాళీ. మురుగు శుద్ధి చేసేది మెషీన్ కాదండీ, బ్యాక్టీరియా. దానికి రోజూ తిండి పడాలి. నాలుగు రోజులు పస్తు పెట్టి శనివారం ఒక్కసారిగా నలభై మంది మురుగు పోస్తే అది తట్టుకోలేదు. కాగితం మీద ప్లాంట్ ఉంటుంది, ఆదివారం రాత్రి బయటికొచ్చేది మాత్రం దాదాపు పచ్చి మురుగే. వెబ్‌సైట్‌లో "100 శాతం నీటి పునర్వినియోగం" అని కనిపిస్తే నాకు నవ్వొస్తుంది. ఇలాంటి చోట కరెంటు లేకుండా నడిచే పద్ధతి మేలు: సెప్టిక్ గదులు, వాటి తర్వాత గులకరాళ్ల పడక, అందులో మెట్టతామర మొక్కలు. చూడ్డానికి తోటలా ఉంటుంది, చవక కూడా. అయినా క్లయింట్లకి నచ్చదు, మెషీన్ అయితే బ్రోచర్‌లో ఫొటో పడుతుందంటారు.

పిల్లల తల్లి
లెక్కల గారూ, మీరు చెప్పినవన్నీ సరిచేసుకోగలిగిన తప్పులే కదా. వాటికోసం మొత్తం రిసార్టులే వద్దంటారా?

మన్యం తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ ఒక్కటి అడుగుతా. అరకు కాఫీకి 2017లో పారిస్‌లో కొట్టు తెరిస్తే మనమంతా గర్వపడ్డాం. 2019లో ఫలానా ప్రాంతం సొత్తు అని చెప్పే జీఐ గుర్తింపు వస్తే స్టేటస్‌లు పెట్టుకున్నాం. అరకు గింజని పారిస్‌లో ఖరీదుగా అమ్మితే గొప్ప, అరకు గాలిని అరకులోనే ఖరీదుగా అమ్మితే పాపమా?

మన్యం కుర్రోడు
బాగా అడిగారక్కా. రాత్రంతా ఆలోచించా దీని మీద.

కాఫీ గింజ పారిస్ వెళ్తుంది. తోట ఎక్కడికీ వెళ్లదు. చెట్టు మా నాన్నదే, చెట్టు కింద నేలా మా నాన్నదే. ధర నచ్చకపోతే వచ్చే ఏడాది గింజలు గిరిజన సహకార సంస్థ జీసీసీకి అమ్ముతాం, లేదా ఇంకొకరికి. రిసార్టు వస్తే ముందు పోయేది నేల. ఆ తర్వాత మా గేటు దగ్గరే మమ్మల్ని వాచ్‌మన్ పేరడుగుతాడు.

బెజవాడ బుల్లెట్
దెబ్బకి దెబ్బ. అక్కా, మీ వంతు.

పాత గుమస్తా
రెవెన్యూలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి, అందులో సగం ఏజెన్సీలోనే. బాటసారి బాబూ, నువ్వు పూల్ దగ్గర ఆగిపోయావు. ముందు పట్టా ఎవరి పేరున ఉందో అడుగు.

షెడ్యూల్డు ప్రాంతాల్లో, అంటే మనం ఏజెన్సీ అనే గిరిజన ప్రాంతాల్లో, భూమి బదలాయింపు మీద 1959లో ఒక నిబంధన వచ్చింది. 1970లో దాన్ని గట్టిగా సవరించారు. మనం 1/70 అనేది దాన్నే. గిరిజనుడి నుంచే కాదు, ఎవరి నుంచైనా గిరిజనేతరుడికి భూమి మారితే చెల్లదు. అమ్మకం ఒక్కటే కాదు బాబూ, లీజు కూడా బదలాయింపే. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో మరో మెట్టు ఎక్కి, ప్రభుత్వ భూమిని కూడా అక్కడ ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వడం కుదరదంది. షెడ్యూల్డు ప్రాంతాలకి పంచాయతీ పాలనని విస్తరించిన 1996 నాటి పెసా చట్టం గ్రామసభ మాటకి విలువ ఇచ్చింది.

మరి ఏజెన్సీలో ఇన్ని ప్రైవేటు రిసార్టులు ఎలా లేచాయంటావా? పట్టా ఒకరిది, పెత్తనం ఇంకొకరిది. సంతకం పెట్టే గిరిజనుడు తన పేరున ఉన్న రిసార్టులోనే తోటమాలి. అలాంటి ఫైళ్లు నా బల్ల మీదుగా కూడా పోయాయి. అన్నీ అలాంటివేనని అనను. నిజంగా గిరిజన కుటుంబాలే కట్టుకున్నవీ ఉన్నాయి.

2025 మొదట్లో టూరిజం కోసం 1/70ని సవరించాలన్న మాట బయటికొచ్చింది. ఫిబ్రవరిలో మన్యం రెండు రోజులు బంద్. ఆ చట్టం జోలికి పోమని ముఖ్యమంత్రే చెప్పాల్సి వచ్చింది. రిసార్టు అన్న మాట అక్కడి చెవికి ఎలా వినిపిస్తుందో దీన్నిబట్టి తెలుసుకో.

పిల్లల తల్లి
పెద్దాయనా, చట్టం సరే. మరి పెట్టుబడి ఎవరు పెడతారు? సర్కారు కాటేజీలా? ఒకచోట దిగాం, ఊరు చెప్పను. గీజర్ పని చేయదు, దుప్పటి వాసన, అడిగితే "సార్ లేరు". మూడో రోజు ఖాళీ చేసి వచ్చేశాం. గిరిజనులు సొంతంగా కట్టుకోవాలంటే బ్యాంకు అప్పివ్వదు, ఎందుకంటే ఆ భూమిని తాకట్టు పెట్టించుకుని గిరిజనేతరుడికి వేలం వేయలేదు. మీరు కాపాడుతున్న చట్టమే వాళ్ల చేతులు కూడా కట్టేస్తోంది. ఈ సంగతి ఎవరూ మాట్లాడరు.

పాత గుమస్తా
ఆ మాటలో నిజముందమ్మా. కాదనలేను. చేతులు కట్టేస్తోంది సరే, కానీ ఆ కట్టు విప్పితే ముందు జారిపోయేది చేతిలో ఉన్న నేలే. మైదానంలో ఏం జరిగిందో చూశాం కదా.

కొచ్చిలో తెలుగోడు
ఇక్కడి నుంచి ఒక కథ. వెంబనాడ్ సరస్సులో నెడియతురుత్తు అనే చిన్న దీవి మీద 54 విల్లాల లగ్జరీ రిసార్ట్ కట్టారు, పేరు కాపికో. కొబ్బరి చెట్లు, నీళ్లంచున పూల్స్, అంతా కన్నులపండుగ. ఆ నీళ్లలో వలలు కట్టుకుని బతికే జాలర్లు కోర్టుకెళ్లారు. తీర ప్రాంత నియమాలు ఉల్లంఘించారని తేల్చి, 2020 జనవరిలో సుప్రీంకోర్టు కూల్చేయమంది. 2022 సెప్టెంబరులో కూల్చడం మొదలైంది. కోట్లు పోశారు, ఒక్క సీజన్ కూడా సరిగ్గా నడవలేదు. దీవి మీద మిగిలింది కాంక్రీటు ముక్కలు. అదే 2020లో నీలగిరుల్లో సీగూరు ఏనుగుల దారికి అడ్డంగా ఉన్న రిసార్టుల మీదా తీర్పు వచ్చింది. వాటి బోర్డుల మీదా "నేచర్", "జంగిల్" లాంటి మాటలే ఉండేవి.

బెజవాడ బుల్లెట్
ఏనుగుకి బోర్డు చదవడం రాదుగా.

హైదరాబాదీ నీరజం
మధ్యలో దూరుతున్నందుకు సారీ. వికారాబాద్ అనంతగిరి గురించి ఎవరూ మాట్లాడరేం? మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. వీకెండ్ రిసార్టులన్నీ ఆ చుట్టే. అక్కడ 1/70 కూడా అడ్డు లేదు.

మోడరేటర్
అనంతగిరికి విడిగా చర్చ తెరవండి, మంచి విషయమే. ఇద్దరు సభ్యులు ఫలానా రిసార్టు పేరు పెట్టి ఆరోపణలు రాశారు, తీసేశాను. పేర్లు లేకుండా మాట్లాడుకుందాం.

లెక్కల పిచ్చి
పిల్లల తల్లి గారికి జవాబు. రిసార్టులు వద్దని నేననలేదు, అంటే నా పొట్టే కొట్టుకున్నట్టు. ఎకో అన్న మాటకి రుజువు అడగమంటున్నా. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. "పర్యావరణ హితం", "గ్రీన్" లాంటి మాటలు వాడితే ఆధారం చూపాలి. కాబట్టి మొహమాటపడకండి. నేనైతే ఇవి అడుగుతా: నీళ్లు బోరువా, ఊటవా? ఊటవైతే ఆ ఊట మీద ఇంకెన్ని ఇళ్లున్నాయి? మురుగు చివరికి ఎక్కడ తేలుతుంది? జనరేటర్ రోజుకి ఎన్ని గంటలు తిరుగుతుంది? ఊరివాళ్లలో సూపర్‌వైజర్ స్థాయికి వచ్చినవాళ్లు ఎందరు? మట్టిగోడ, వెదురు గురించి అడగను. అది అలంకారం. మట్టిగోడ వెనక మూడు ఏసీలు పెట్టించినవాణ్ణి నేను.

పిల్లల తల్లి
ఈ ప్రశ్నలు బాగున్నాయి. కానీ ఇవే హోమ్‌స్టేలనీ అడగండి మరి. చిన్నదైనంత మాత్రాన పుణ్యక్షేత్రం అయిపోదు. మన్యం తమ్ముడూ, ఏమనుకోకు, మీ రెండు గదుల బాత్రూమ్ నీళ్లు ఎక్కడికి పోతాయి?

మన్యం కుర్రోడు
అనుకోనక్కా. సెప్టిక్ ట్యాంకు ఉంది. అక్కడి నుంచి అరటి తోటలోకి వదులుతున్నాం. లెక్కల అన్నయ్య చెప్పిన గులకరాళ్ల పడక ఎలా వేయాలో ఫోన్‌లో చెప్తే వేసుకుంటా. మెట్టతామర మా పెరట్లోనే ఉంది.

లెక్కల పిచ్చి
ట్యాంకు సైజు, రోజుకి ఎందరు దిగుతారో మెసేజ్ చెయ్యి. డ్రాయింగ్ పంపిస్తా, ఫీజేం వద్దు. అరటికి నీళ్లివ్వడం తప్పేం కాదు, తాగే ఊటకి దూరంగా ఉంటే చాలు.

కూకట్‌పల్లి బాటసారి
అందరికీ థ్యాంక్స్. ఇంత గొడవ అవుతుందనుకోలేదు.

ఆ రిసార్ట్‌కి ఫోన్ చేశా. నీళ్లెక్కడివి అంటే బోరు అన్నారు. మురుగు ఎక్కడికి పోతుందంటే "సార్, మాది ఫుల్ ఎకో ఫ్రెండ్లీ" అన్నారు. ఊరివాళ్లలో సూపర్‌వైజర్లు ఎందరంటే లైన్ హోల్డ్‌లో పెట్టారు, ఐదు నిమిషాలు పిల్లనగ్రోవి సంగీతం విన్నా. పది నిమిషాల తర్వాత 15 శాతం డిస్కౌంట్ కూపన్ మెసేజ్ వచ్చింది.

మా ఆవిడకి ఈ చర్చంతా చదివి వినిపించా. ఆవిడ పిల్లల తల్లి గారి పక్షమే, వేడినీళ్లు లేకపోతే రానంది. మన్యం తమ్ముడూ, గీజర్ ఉందా? ఉంటే డిసెంబరు రెండో మంగళవారం, రెండు రాత్రులు. వారం మధ్యలో వస్తే మీ బ్యాక్టీరియాకి కూడా తిండి పెట్టినట్టుంటుంది.

మన్యం కుర్రోడు
గీజర్ లేదన్నా. కట్టెల బాయిలర్ ఉంది, నీళ్లు మసులుతాయి. కాఫీ తోటలో కత్తిరించిన కొమ్మలే వాడతాం. అక్కకి చెప్పండి. స్వెట్టర్లు మటుకు మీవే తెచ్చుకోండి, మా దగ్గర అదనపు రగ్గులు రెండే ఉన్నాయి.

పిల్లల తల్లి
వెళ్లొచ్చాక బాత్రూమ్ ఎలా ఉందో రాయండి బాటసారి గారూ. నిజం రాయండి.