నాలుగు సీట్ల విమానానికి ఏసీ కావాలా, ఐస్ పెట్టె సరిపోతుందా?

వేసవి పైలట్:
నాది ఒకే ఇంజిన్ ఉన్న నాలుగు సీట్ల విమానం. ఎండాకాలంలో ఇంజిన్ స్టార్ట్ చేసింది మొదలు టేకాఫ్ అయ్యేదాకా క్యాబిన్‌లో కూర్చోలేకపోతున్నాము. ఇంజిన్ బెల్టుతో నడిచే ఏసీ పెట్టించాలని నా ఉద్దేశం. ఫ్యాన్ బిగించిన ఐస్ పెట్టె చాలునని మా మెకానిక్ అంటున్నారు. మీ అభిప్రాయం చెప్పగలరు.

తేలిక రెక్క:
మీ మెకానిక్ గారితో నేను ఏకీభవిస్తాను. ఏసీ సామగ్రి బరువు పాతిక ముప్ఫై కిలోల దాకా ఉంటుంది. చలికాలంలో కూడా దాన్ని మోయవలసిందే. ట్యాంకులు నింపి నలుగురు ఎక్కితే గరిష్ఠ బరువును దాటిపోయే విమానాలు ఈ తరగతిలో చాలానే ఉన్నాయి.

అంతకంటే ముఖ్యమైనది ఇంజిన్ శక్తి. సముద్రమట్టం దగ్గర ప్రామాణిక ఉష్ణోగ్రత 15 డిగ్రీలు. అక్కడ 35 డిగ్రీల ఎండ కాస్తే, ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున లెక్క వేసినప్పుడు, విమానం దాదాపు 2400 అడుగుల ఎత్తులో ఉన్నంత పలచని గాలిలో పరుగెత్తవలసి వస్తుంది. ఇంజిన్ అసలే నీరసించిన ఆ సమయంలో కంప్రెసర్ మరికొంత శక్తిని లాక్కుంటుంది కాబట్టే, టేకాఫ్‌కు ముందు ఏసీ ఆపమని అటువంటి విమానాల హ్యాండ్‌బుక్‌లు చెబుతాయి.

పైకి వెళ్తే ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది; 8000 అడుగుల దగ్గర బయటి గాలే చల్లగా ఉంటుంది. అంటే మన ఇబ్బంది నేల మీదా, ఎక్కేటప్పుడూ గడిచే అరగంటదే. కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. పది కిలోల ఐస్ గంటలో కరిగితే 900 వాట్లకు పైగా వేడిని పీల్చుకున్నట్టు. ఊరికే కూర్చున్న నలుగురి ఒంటి నుంచి వెలువడేది సుమారు 400 వాట్లే. అయితే ఐస్ బదులు డ్రై ఐస్ మాత్రం ఎవరూ వాడకండి. అది కార్బన్ డయాక్సైడ్‌గా మారి మూసి ఉన్న క్యాబిన్‌లో నిండుతుంది. పైలట్ స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

సర్క్యూట్ గురువు:
ఈ లెక్క దూర ప్రయాణాలకు వర్తిస్తుంది. నేను శిక్షకుడిని; వెయ్యి అడుగులు దాటకుండా రోజంతా రన్‌వే చుట్టూ తిరుగుతాను. ఆ ఎత్తులో మాకు దక్కేది రెండు డిగ్రీల ఉపశమనం. మూడో విద్యార్థి వచ్చేసరికి పెట్టెలో నీళ్లే మిగులుతాయి. వేడికి ఒంట్లో నీరు తగ్గిన మనిషి రేడియోలో విన్నది మరిచిపోవడం, ల్యాండింగ్‌లో ఆలస్యంగా స్పందించడం నేను పక్క సీటు నుంచి చూస్తూనే ఉన్నాను. పైలట్ తెలివిగా ఉండడం కూడా భద్రతే కనుక, ఆ పాతిక కిలోలను వృథా భారమని నేను ఒప్పుకోను.

తేలిక రెక్క:
శిక్షణ విమానాల విషయంలో మీ మాట కాదనలేను. కానీ ప్రశ్న అడిగినవారు కుటుంబంతో దూరం వెళ్లేవారిలా ఉన్నారు. వారు ముందుగా, విమానం నిలిపి ఉంచినప్పుడు అద్దాలపై బయటి నుంచి కవర్ వేయాలి. లోపలి తెర ఎండ అద్దం దాటి వచ్చాక అడ్డుపడుతుంది, అప్పటికే వేడి లోపలికి చేరుతుంది. పెట్టెను మాత్రం పట్టీలతో గట్టిగా బిగించాలి. కుదుపులో పది కిలోల ఐస్ ఎగిరి తలకు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

వేసవి పైలట్:
మేము నలుగురమే, ప్రయాణాలు రెండు మూడు గంటలవి. తూకం కాగితాలు తీసి చూశాను: ట్యాంకులు నింపాక మిగిలేది పద్దెనిమిది కిలోలు. ఏసీ ఆలోచన మానుకుని, కవర్, ఐస్ పెట్టె తీసుకుంటున్నాను.