చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్: ప్రొఫెసర్ లెటర్ లేకుండా అప్లై చేయడం దండగా?

అనంత_కెమ్
అందరికీ నమస్కారం. నాది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, పోయిన ఏడాది అయిపోయింది. నెట్ పరీక్ష రెండుసార్లు రాశాను, రెండుసార్లూ జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్) కటాఫ్ కింద ఆగిపోయాను. మా యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు దొరుకుతుంది గానీ ఫెలోషిప్ లేదు. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంకో నాలుగేళ్ళు నన్ను చదివించమని ఆయన్ని అడగలేను.

సోడియం అయాన్ బ్యాటరీల మీద పనిచేయాలని ఉంది, నా ప్రాజెక్టు కూడా అదే. చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్ (సీఎస్‌సీ) వస్తే పీహెచ్‌డీకి ఫీజు ఉండదు, హాస్టల్, ఇన్సూరెన్స్ వాళ్ళే చూసుకుంటారు, నెలకు 3,500 యువాన్లు ఇస్తారు. మన లెక్కలో నలభై వేల పైనే. కానీ ముందు అక్కడి ప్రొఫెసర్ దగ్గర యాక్సెప్టెన్స్ లెటర్ (తన దగ్గర చేర్చుకుంటానని రాసిచ్చే పత్రం) తెచ్చుకోవాలని కొందరు, అక్కర్లేదని కొందరు అంటున్నారు. ఇప్పటికి పదకొండు మందికి మెయిల్ పెట్టాను, ఒక్కరూ జవాబివ్వలేదు. లెటర్ లేకుండా వేయొచ్చా?

ల్యాబ్‌కోటు
లెటర్ లేకుండా వేయకండి. నేను 2018లో ఇదే స్కాలర్‌షిప్ మీద చాంగ్షా వెళ్ళి 2022లో పట్టాతో వచ్చాను, కాబట్టి చూసిందే చెబుతున్నాను. దీంట్లో రెండు దారులు. టైప్ ఎ అంటే మన దేశం వైపు నుంచి పేరు వెళ్ళాలి. టైప్ బి అంటే యూనివర్సిటీకే నేరుగా వేసుకోవడం, ఆ యూనివర్సిటీయే మన పేరు పైకి పంపుతుంది. బి దారిలో పీహెచ్‌డీ ఫైలు డిపార్ట్‌మెంట్‌కి చేరగానే వాళ్ళు అడిగే మొదటి మాట "ఈ అమ్మాయిని ఎవరు తీసుకుంటున్నారు?" అని. దానికి ఒక పేరు లేకపోతే మీ ఫైలు తరఫున మాట్లాడే మనిషే ఉండడు.

పదకొండు మందికీ ఒకే మెయిల్ వెళ్ళి ఉంటుంది. అలా పంపితే తెరవరు. ఒక్క ప్రొఫెసర్‌ని ఎంచుకోండి, ఆయన ఈ రెండేళ్ళలో వేసిన పేపరు ఒకటి పూర్తిగా చదవండి, అందులో మీకు నిజంగా అర్థం కాని చోటు గురించి ఒక ప్రశ్న అడగండి. మీ ప్రాజెక్టు గురించి నాలుగు వాక్యాలు చాలు. 2026లో వాళ్ళ కొత్త సంవత్సరం ఫిబ్రవరి 17న, ఆ చుట్టుపక్కల ఎవరూ మెయిల్ చూడరు. జనవరిలోపే ఈ పని అయిపోవాలి.

మానేరు
"తప్పనిసరి" అని ఏడ రాసున్నది అన్నా? నేను ఫారం మొత్తం చూసిన. పాస్‌పోర్టు, నోటరీ చేసిన సర్టిఫికెట్లు, మార్కుల లిస్టులు, ఇద్దరు ప్రొఫెసర్లో అసోసియేట్ ప్రొఫెసర్లో ఇచ్చిన సిఫారసు లేఖలు, స్టడీ ప్లాన్, మెడికల్ ఫారం, పోలీస్ క్లియరెన్స్. గివి కావాలె. లెటర్ ఉంటే పెట్టుమన్నరు, లేకుంటే వద్దనలే. ఆడపిల్ల పదకొండు మెయిళ్ళు పెట్టి జవాబు లేక కూసున్నది. లెటర్ లేకుంటే దండగ అని ఆమె ధైర్యం తియ్యకుండ్రి.

గోదారి_గట్టు
ఇక్కడ జేఆర్ఎఫ్ నెలకు 37,000 ఇస్తున్నారుగా. దానికోసం అంత దూరం ఎందుకు?

అనంత_కెమ్
జేఆర్ఎఫ్ రాలేదని పైన రాశానండి.

ల్యాబ్‌కోటు
మానేరు గారూ, నేను "తప్పనిసరి" అన్న మాటే వాడలేదు. పైకి వెళ్ళి చదవండి. ఫారంలో ఖాళీ వదిలేయడానికి వీలుంది. ఖాళీ వదిలితే ఏమవుతుందో చెబుతున్నాను. పీహెచ్‌డీకి సూపర్‌వైజర్ సమ్మతి పత్రం అడిగే యూనివర్సిటీలు అక్కడ బోలెడు. చైనా అకాడమీ ఆఫ్ సైన్సెస్ వైపు ఆన్సో స్కాలర్‌షిప్ ఉంది, దానికైతే సూపర్‌వైజర్ ఒప్పుకోవాల్సిందే. సీఎస్‌సీ ఫారంలో ఆప్షనల్ అని ఉందని మీరు ఆ అమ్మాయిని చీకట్లోకి పంపుతున్నారు.

మానేరు
ఆప్షనల్ అంటే ఆప్షనల్. ఫారం రాసినోళ్ళ కంటె మీకు ఎక్కువ తెలుస్తదా?

కంచిలి_మాస్టారు
మా బంధువులబ్బాయి దగ్గర ఒక కన్సల్టెన్సీ లక్షన్నర తీసుకుంది, సీటు గ్యారంటీ అని. లెటర్ కూడా వాళ్ళే తెచ్చారు. తీరా చూస్తే ఆ ప్రొఫెసర్‌కి ఈ సంగతే తెలియదు. ఎవరికీ డబ్బు కట్టకండి.

సూర్యాపేట_వాసి
ఇంతసేపు లెటర్ గురించే మాట్లాడుతున్నరు గాని అసలు ప్రశ్న ఎవరూ అడగలే. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్ బాబుది మా ఊరు. ఆ రోజు రోడ్డు పొడుగునా నిలబడ్డ జనంలో నేనున్న. ఆ ప్రభుత్వం పైసలతో చదువుకునుడు నాకు మింగుడుపడదు. చెల్లెమ్మను తిట్టుడు కాదు ఇది. నా మనసులో ఉన్నది చెప్పిన.

అనంత_కెమ్
అన్నా, మీ బాధ అర్థమైంది, దాన్ని కాదనను. మా ఇంట్లో అమ్మ కూడా ఇదే అడిగింది. ఆమెకు చెప్పిన జవాబే మీకూ చెబుతాను. బ్యాటరీ పని మనకంటే చాలా ముందు నేర్చుకున్నవాళ్ళు అక్కడున్నారు. అది నేర్చుకుని వచ్చి ఇక్కడ చేయాలని నా కోరిక.

షియామెన్_నుంచి
నేను ప్రస్తుతం ఇక్కడే పీహెచ్‌డీ మూడో ఏడు. ఎలక్ట్రోకెమిస్ట్రీకి షియామెన్ పాత పేరున్న చోటు, బ్యాటరీల కంపెనీ సీఏటీఎల్ సొంతూరు నింగ్‌డె కూడా ఇదే ఫుజియన్ రాష్ట్రంలో. 3,500తో బతకొచ్చు, క్యాంటీన్‌లో తింటే నెలకు కొంత మిగులుతుంది కూడా. ఇంగ్లిష్‌లో పీహెచ్‌డీ అంటారు గానీ గ్రూప్ మీటింగ్ చైనీస్‌లోనే జరుగుతుంది, మొదటి ఆరు నెలలు నాకు స్లైడ్లలో బొమ్మలే అర్థమయ్యేవి. ఇప్పటినుంచే హెచ్ఎస్‌కే (చైనీస్ భాష పరీక్ష) పుస్తకం మొదలుపెట్టు. ఏటా రివ్యూ ఉంటుంది, అందులో తప్పితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ప్రయాణం మాత్రం తేలికైంది, 2025 అక్టోబర్ చివర్లో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి నేరుగా విమానం మళ్ళీ మొదలైంది.

ల్యాబ్‌కోటు
చూశారా, వెళ్ళినవాళ్ళు చెప్పే మాటలు ఇలా ఉంటాయి. ఆ దేశంలో ఒక్కరోజు ఉండనివాళ్ళు ఫారం పట్టుకుని రూల్స్ చెబితే నష్టపోయేది అడిగిన అమ్మాయే. మానేరు గారూ, మీరు ఎప్పుడైనా ఒక్క ప్రొఫెసర్‌కైనా మెయిల్ పెట్టారా? ఒక్క లెటరైనా కళ్ళతో చూశారా?

మానేరు
చూసిన. ఇప్పటికీ మా ఇంట్ల బీరువాలున్నది. ఎర్ర ముద్ర, కింద సార్ సంతకం, ప్లాస్టిక్ కవర్ల పెట్టి దాసిన.

మా తమ్ముడు 2018ల పోయిండు. మీలెక్కనే. మెయిల్ పెట్టిండు, లెటర్ తెచ్చుకున్నడు, అన్నీ మీరు చెప్పినట్టే చేసిండు. 2020 జనవరిల సంక్రాంతికి ఇంటికి అచ్చిండు. మూడు వారాలుండి పోతనన్నడు. 23 తారీకునాడు వూహాన్ మూసిన్రు, ఎనకనే తొవ్వలన్నీ బందైనయి. మళ్ళ మన పిల్లలకు వీసాలు ఇచ్చుడు షురువైంది 2022 ఆగస్టుల. రెండున్నర ఏండ్లు. ఆని స్కాలర్‌షిప్ గడువు ఆ జూలైలనే అయిపోయింది. ఒక్క నెల ముందు.

గదొక్కటే అయితే నేను ఇక్కడ ఇంత రాయకపోదును. 2021ల ఆ లెటర్ ఇచ్చిన సారు వేరే యూనివర్సిటీకి పోయిండు. పోతె పోయిండు, మా వోడు ఆయనెంట పోరాదు, ఈ స్కాలర్‌షిప్‌ల కాలేజీ మారనియ్యరు. డిపార్ట్‌మెంట్ల వేరే సారును అడిగితే "నువ్వు ఫలానా ఆయన స్టూడెంటువు" అన్నరు. పోయినాయన "నువ్వు ఆ యూనివర్సిటీ స్టూడెంటువు" అన్నడు. తెల్లారుజామున అయిదున్నరకు లేచి మెయిల్ చూసుకుంటుండె మా తమ్ముడు, ఆడ పొద్దుగాల ఆఫీసు తెరిచే యాళ్ళకు. ల్యాబ్‌ల ఆని సాంపిళ్ళు ఏమైనయో ఇప్పటికీ తెల్వదు. నాలుగేండ్లు పోయినయి, చేతిల పట్టా లేదు.

ఫారంల ఆప్షనల్ అని నేనెందుకు పట్టుకున్ననో ఇప్పుడు తెలిసిందా? లెటర్ తెచ్చుకునుడంటే ఒక్క మనిషికి కట్టేసుకునుడు. ఆ మనిషి పోతే ఆ దేశంల మనకు ఎవ్వరూ లేరు.

ల్యాబ్‌కోటు
మీ తమ్ముడికి జరిగింది చాలా అన్యాయం. కానీ దానికి కారణం కోవిడ్. లెటర్ కాదు.

మానేరు
కోవిడ్ అందరికీ అచ్చింది. మీకు పట్టా ఎట్లచ్చింది మరి?

గోదారి_గట్టు
ఇద్దరూ కాస్త ఆగండయ్యా.

ల్యాబ్‌కోటు
అడిగారు కాబట్టి చెబుతాను. ఆ సంక్రాంతికి నేను ఇంటికి రాలేదు. టికెట్‌కి డబ్బుల్లేవు. అంతే. అమ్మ ఫోన్‌లో ఏడ్చింది, వచ్చే ఏడు వస్తాలే అన్నాను. డబ్బులుంటే నేనూ వచ్చేవాణ్ణి, మీ తమ్ముడి చోట నేనుండేవాణ్ణి. ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, తెలివిగా ఆగిపోయానని అందరూ అనుకున్నారు.

హాస్టల్ గేట్లు మూసేసిన రోజుల్లో మా ప్రొఫెసర్ ఒకసారి గేటు బయటికి వచ్చి, చువ్వల సందులోంచి ఒక సంచి లోపలికి అందించి వెళ్ళారు. క్యాబేజీ, గుడ్లు, ఒక ఇన్‌స్టంట్ నూడుల్స్ కట్ట, థర్మామీటరు. ఆయనకు ఇంగ్లిష్ సరిగా రాదు, నాకు చైనీస్ సరిగా రాదు. సంచి మీద నా పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో తప్పుగా రాసి ఉంది. ఆ రెండు నెలల్లో నేను బతికున్నానో లేదో అడిగింది ఆయనొక్కరే. లెటర్ ఇచ్చినాయన ఆయనే. అందుకే లెటర్ లేకుండా వెళ్ళొద్దని అంత గట్టిగా చెప్పాను. ఆ దేశంలో నాది అని చెప్పుకోవడానికి ఒక్క మనిషి ఉండాలి.

మానేరు
మీకు ఆ ఒక్క మనిషి నిలబడ్డడు. మాకు పోయిండు. నేను చెప్పేది గదే.

ఇంకోటి కూడా చెప్తున్న. సంక్రాంతికి రమ్మని ఫోన్ చేసింది నేనే. మా బిడ్డ పుట్టెంట్రుకలు తీసుడు ఉండె. టికెట్ పైసలు నేనే పంపిన.

కంచిలి_మాస్టారు
అది మీ తప్పు కాదు నాయనా. ఎవరికి తెలుసు అలా అవుతుందని.

షియామెన్_నుంచి
మానేరన్నా, మీ మాటలో పట్టించుకోవాల్సింది ఉంది. మా పక్క ల్యాబ్‌లోనూ సార్ మారిపోయి ఇద్దరు విదేశీ విద్యార్థులు ఏడాది ఇబ్బంది పడ్డారు. అనంతా, ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టే ముందు ఆయన గ్రూప్ పేజీ చూడు. అందులో విదేశీ విద్యార్థులున్నారా, వాళ్ళు పూర్తి చేసి వెళ్ళారా, పేపర్లమీద ఒక్క సార్ పేరే ఉందా, ఇంకో టీచర్ పేరూ పక్కన ఉందా చూడు. పక్కన ఇంకొకరు ఉన్న గ్రూప్ అయితే ఒకరు పోయినా నిన్ను ఎరిగినవాళ్ళు ఒకరు మిగులుతారు. ఆ గ్రూప్‌లోని స్టూడెంట్‌కి విడిగా రాసి అడుగు. సార్లు చెప్పనివి వాళ్ళు చెబుతారు.

ల్యాబ్‌కోటు
ఈ మాట నేను ముందే చెప్పి ఉండాల్సింది. కానీ మొదటి మెయిల్‌లోనే "మీరు వేరే చోటికి వెళ్ళిపోతారా" అని మాత్రం అడగకండి. తప్పుగా తీసుకుంటారు.

మానేరు
ఎందుకు తప్పైతది? నాలుగేండ్లు ఆమెవి.

అనంత_కెమ్
(నాలుగు రోజుల తర్వాత)
పదకొండు మందిని వదిలేసి ఒక్కరి పేపరు కూర్చుని చదివాను. సోడియం లేయర్డ్ ఆక్సైడ్ అనే బ్యాటరీ పదార్థం గాలి తగిలితే పాడైపోవడం గురించి. అందులో నాకు అర్థం కాని గ్రాఫ్ ఒకటి ఉంది, దాని గురించే అడిగాను. మూడో రోజు జవాబు వచ్చింది. ఒకే లైను. మీ సాంపిల్‌ని ఎన్ని డిగ్రీల దగ్గర, ఎన్ని గంటలు కాల్చారు అని.

నిజానికి 900 డిగ్రీల దగ్గర కాల్చాలి. మేం 850 దగ్గరే ఆపాం, మా డిపార్ట్‌మెంట్ ఫర్నేస్ అది దాటితే ట్రిప్ అయిపోతుంది. పగలు వోల్టేజీ నిలవదని రాత్రి పదకొండుకి పెట్టి తెల్లవారేదాకా పక్కనే కూర్చునేదాన్ని. ఉన్నది ఉన్నట్టే రాశాను. ఆయన గ్రూప్‌లో ఇద్దరు పాకిస్తాన్ విద్యార్థులు పూర్తి చేసి వెళ్ళారు, ప్రతి పేపర్‌లోనూ ఇంకో మేడం పేరు ఉంది.

మెయిల్ చివర్లో అడిగేశాను కూడా. "వచ్చే నాలుగేళ్ళు మీరు ఈ యూనివర్సిటీలోనే ఉంటారా? ఒకవేళ మారితే నా పని ఎవరు చూస్తారు?" అని. ల్యాబ్‌కోటు గారూ, మీరు వద్దన్నారని తెలుసు. మానేరన్న రాసింది చదివాక అడగకుండా ఉండలేకపోయాను.

ల్యాబ్‌కోటు
మీ ఇష్టం అమ్మా. నేనైతే అడిగేవాణ్ణి కాదు. స్టడీ ప్లాన్ పీహెచ్‌డీకి 800 పదాలకు తగ్గకూడదు, రాశాక నాకు పంపండి, చూసి పెడతాను. ఆ ఫర్నేస్ సంగతి అందులోనూ ఉంచండి.

మానేరు
మెడికల్ ఫారం ఇప్పుడే చేపియ్యకు చెల్లె, ఆరు నెలలే చెల్లుతది. అప్లై చేసేటప్పుడు చేపియ్యి. ఫోటో మీద దవాఖాన ముద్ర సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడాలె. మా వోనికి క్లర్కు పక్కన గుద్దిండు, మళ్ళ పోవాల్సచ్చింది. డాక్టరు సంతకం, ఎక్స్‌రే, ఈసీజీ, రక్త పరీక్ష, ఒక్క గడి ఖాళీ ఉన్నా తీసుకోరు. కౌంటర్ కాడనే నిలబడి అన్నీ చూసుకో.

సారు జవాబు అచ్చినంక ఏమన్నడో ఇక్కడ రాయి.