నెల్లూరు, ఒంగోలు వైపు కొత్త సిరంజిలు ఇచ్చే చోటు ఉందా?

మాది కావలి. మా తమ్ముడు ఎనిమిది నెలలుగా రోజుకు రెండుసార్లు మత్తు ఇంజెక్షన్ చేసుకుంటున్నాడు. వాడితో కలిపి ముగ్గురికీ ఒకటే సూది. గత నెల ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రం) పరీక్ష నెగెటివ్ వచ్చింది, కానీ ఆ తర్వాతా పంచుకున్నాడు. చివరిసారి పోయిన ఆదివారం. నాకు చెప్పేసరికి పెప్ మందులు (హెచ్‌ఐవీ సోకకుండా వాడేవి) మొదలుపెట్టాల్సిన 72 గంటలు దాటిపోయాయి. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయిస్తాను.

డీ అడిక్షన్ సెంటర్‌లో రెండుసార్లు చేర్పించాను, మధ్యలోనే వచ్చేశాడు. మూడు మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా సిరంజిలు ఇవ్వం అన్నారు. వేడినీళ్లతో కడిగితే చాలంటాడు వాడు. చాలదు, హెపటైటిస్ సి కూడా అలాగే వస్తుంది. మానేదాకా అయినా వాడు క్షేమంగా ఉండాలి.

నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ పాత సూదులు తీసుకుని కొత్తవి ఉచితంగా ఇచ్చే టీఐ ప్రాజెక్టు (హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం) ఎక్కడుంది?